కాలికందని క్లచ్

"నేనే" అంది అమ్మడు పోయిన వారం. రెండే రెండు అక్షరాలు. నోట్లోంచి ఊడిపడడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. వాటిని మళ్ళీ మింగుదామంటే మాత్రం నాలుగు రోజులుగా గొంతు దిగడం లేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం సంగతేమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. అమ్మడు అంటే చిన్నపిల్ల కాదు, నలభై ఆరేళ్ళ మనిషి. మందుల షాపు నడుపుతుంది. డాక్టరు చీటీ లేనిదే సొంత మేనత్తకైనా నిద్రమాత్ర ఇవ్వదని పేరు. వాళ్ళ నాన్న పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు కొండదారుల్లో తిరిగిన జీపు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు బండి. దానికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు గున్న. కళ్ళకి నీటికాసులు వచ్చి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఆయన రోజూ పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి, పది నిమిషాలు పక్కన నిలబడి, ఆపేసి లోపలికొస్తాడు. గున్నతో ఆయన సంసారం ఇప్పుడు అంతే.

శనివారం సాయంత్రం అమ్మడు స్కూటరుని సర్వీసింగుకిచ్చి షాపు నుంచి నడిచి ఇంటికొచ్చింది. వచ్చేసరికి గున్న షెడ్డులో వంకరగా నిలబడి ఉంది. ఎడమవైపు మడ్‌గార్డు సొట్టపోయింది, లైటు పగిలింది, బానెట్ ఇంకా వేడిగా ఉంది. నాన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో తాళంచెవి. అమ్మడు ఏమీ అడగలేదు. అడిగితే ఆయన చెప్పాలి, చెప్పాలంటే కూతురి ముందు తల దించుకోవాలి. "ఎవరికీ చెప్పకు నాన్నా, నేను చూసుకుంటా" అంది. ఆయన ఆమెని ఎగాదిగా చూసి తలూపాడు.

తెల్లారేసరికి ఇన్సూరెన్స్ ఏజెంటు బాబాయ్ పిలవని పేరంటంలా దిగాడు. పాతబండ్లకి వేరే పాలసీ ఉంటుంది. ఏటా రెన్యువల్‌కి నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయాలి. తీస్తుంటే సొట్ట కనపడింది. "దీనికెందుకమ్మా దిగులు? క్లెయిము పెట్టేద్దాం. ఎవరు నడిపారు?" అన్నాడు. ఆ పాలసీలో బండి నడపడానికి ఒప్పుకున్న పేరు ఒక్కటే ఉంది, అది అమ్మడిదే. నాన్న పేరు లైసెన్సుతో పాటే పోయింది. అందుకని అమ్మడు "నేనే" అంది. మార్కెట్ వెనక సందులో కరెంటు స్తంభానికి తగిలిందని కూడా అంది. బాబాయ్ ఫారం నింపాడు, ఈమె సంతకం పెట్టింది. "సర్వేయరు వచ్చి చూసేదాకా బండిని వేలితో కూడా ముట్టుకోవద్దు, అంగుళం కదపొద్దు" అని ఆజ్ఞ వేసి ఆయన వెళ్ళిపోయాడు.

అసలు సంగతి అమ్మడు ఒక్క భర్తకే చెప్పింది. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు, ఆరడుగుల మనిషి. గున్నని "మా అత్తగారి సవతి" అని వెక్కిరించందే ఆయనకి పొద్దు గడవదు. అలాంటిది ఈసారి ఒక్క ఎకసెక్కం ఆడలేదు. "పాపం పెద్దాయన, ఏమీ అడగకు, నొచ్చుకుంటారు. నువ్వే నడిపావని చెప్పడమే మంచిదైంది" అన్నాడు. మా ఆయన బంగారం అనుకుంది అమ్మడు.

బుధవారం పదకొండింటికి సర్వేయరు వచ్చాడు.

షెడ్డు గున్న ఒంటికి కుట్టిన చొక్కాలా ఉంటుంది, అంత బిగుతు. బండి చుట్టూ తిరగాలంటే పక్కకి తిరిగి, కడుపు లోపలికి లాక్కుని జరగాలి. అమ్మడు బండికీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడింది. నాన్న ఆ మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఎంత ఖర్చవుతుందో లెక్క చెప్పడానికి పిలిపించిన డెంటింగ్ మేస్త్రీ సొట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. సర్వేయరు సరిగ్గా గుమ్మంలో నిలబడ్డాడు. బయటికి పోవాలంటే ఎవరైనా ఆయన్ని అడిగే పోవాలి.

ఆయన సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలక్కుండా ఉన్నాడు. గొంతు పెంచే రకం కాదు. అరిచేవాళ్ళతో ఎలాగోలా వేగొచ్చు, వాళ్ళ అరుపులోనే మనకి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. మెల్లిగా మాట్లాడేవాళ్ళ దగ్గర ఆ సౌకర్యం లేదు. ఆయన ముందు చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే కాగితం మీద తెల్లగా లేచాయి. తన ఫైల్లో ఉన్న నంబరుతో సరిచూసుకుని, తల పంకించాడు.

"బండిని బాగా చూసుకున్నారు సార్" అన్నాడు నాన్నతో.

"మనిషి కన్నా నయం. చెప్పిన మాట వింటుంది" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

"మీరెంత స్పీడులో ఉన్నారు మేడమ్?"

"ఎంతో లేదండీ. ఇరవై ఉంటుందేమో."

"స్తంభం ఏ పక్కన?"

"ఎడమ పక్కన."

"అవున్లెండి. సొట్ట ఎడమ పక్కనుందిగా" అని రాసుకున్నాడు. వెటకారమో, మామూలు మాటో అమ్మడికి అర్థం కాలేదు. అరచేతులు చీర కొంగుతో తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ నోరు విప్పాడు. ఇతని సంగతి కొంచెం చెప్పాలి. పాతికేళ్ళుగా గున్న రేకుని తట్టింది ఇతనే. కళ్ళతో చూసి పనిచేసే రకం కాదు. గుడ్డ మీద నాలుగు చుక్కలు కిరసనాయిలు పోసి రేకుని తుడిచి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుతాడు. దెబ్బ ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, రేకు ఎక్కడ సాగింది అన్నీ ఆ చెయ్యే చెపుతుంది. అప్పుడు గానీ సుత్తి ఎత్తడు. ఇప్పుడూ అలాగే కళ్ళు మూసుకుని చెయ్యి జరుపుతున్నవాడల్లా ఠక్కున ఆగాడు.

"స్తంభమా? స్తంభమని ఎవరన్నారు?" అన్నాడు.

మేస్త్రీ కళ్ళు తెరవకుండానే సాగిపోయాడు.

"స్తంభానికి కొడితే రేకు నిలువునా గాడి పడుతుంది సార్, అంచు మడుచుకుపోతుంది. ఇదిగో, ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి. పైనుంచి మెత్తగా కూర్చుంది. అంటే గట్టిది తగల్లేదు. బరువైంది ఏదో వచ్చి మీద పడింది. తర్వాత ఇలా పక్కకి జారింది. జారేటప్పుడే లైటు పోయింది. లైటు రింగు కింద నల్లగా మరక చూశారా? అది రబ్బరు. ఈ రేకు పాతికేళ్ళలో నాతో ఒక్క అబద్ధం చెప్పలేదు సార్!"

గర్వంగా కళ్ళు తెరిచి చూశాడు. ఎదురుగా అమ్మడి మొహం కనపడింది. నెత్తురు చుక్క లేదు. మేస్త్రీ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

అతను చెడ్డవాడు కాడు. అమ్మడి పెళ్ళి కాకముందు నుంచీ ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నవాడే, ఆ ఇంటికి చీమ కుట్టినా తనకే నొప్పి అనుకునేవాడే. కానీ పనితనం ఉన్నవాడికి పని గురించి తప్పుమాట చెవిన పడితే ఆగలేడు. సొంత తమ్ముణ్ణి ఉరి తీస్తారన్నా ముందు సొట్ట సంగతి సరిచేసే మాట్లాడతాడు.

"అంటే... ముసలాణ్ణయిపోయాను కదా, చెయ్యి కూడా తప్పు చెప్పొచ్చు" అని గొణిగాడు.

"ఫరవాలేదు మేస్త్రీ. మీరు బయట కాస్త టీ తాగి రండి" అన్నాడు సర్వేయరు. గుమ్మంలోంచి జరిగి దారి ఇచ్చాడు. మేస్త్రీ వెళ్ళగానే మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"మేడమ్, ఒక్కసారి ఎక్కి కూర్చోండి."

"ఎందుకండీ?"

"ఎలా తగిలిందో నాకు అర్థం కావాలి. మీరు ఆరోజు ఎలా కూర్చున్నారో అలా కూర్చుంటే చాలు."

అమ్మడు ఎక్కింది. కూర్చుంది. స్టీరింగు ఎక్కడో అవతలి ఒడ్డున ఉన్నట్టు కనపడింది. చేతులు చాచి పట్టుకుంది.

"క్లచ్ నొక్కండి."

ఎడమకాలు చాచింది. అందలేదు. కొంచెం ముందుకి జరిగింది. వేళ్ళ కొసలు తగిలీ తగలనట్టు తగిలాయి. సీటు అంచు దాకా జారి గట్టిగా తన్నితే క్లచ్ సగం దిగింది గానీ, తల స్టీరింగు కిందికి పోయింది. అద్దంలోంచి రోడ్డు కాదు కదా, బానెట్ కూడా కనపడటం లేదు. పెళ్ళిచూపుల్లో కూడా అమ్మడు ఇంతలా చెమటలు కక్కలేదు.

"ఆ సందులో మూడు మలుపులున్నాయి మేడమ్. నేను పొద్దున వెళ్ళి చూసే వచ్చాను. మూడూ ఇలాగే తిప్పారా?"

"సీటు... తర్వాత వెనక్కి జరిగిందండీ."

"ఎవరు జరిపారు?"

సర్వేయరు ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. ఆదివారం పొద్దున బాబాయ్ తీసిందే. తలుపు తెరిచి లోపలి భాగం తీసిన ఫొటో. సీటు చివరి గంటు దాకా వెనక్కి ఉంది.

"దెబ్బ తగిలినప్పట్నుంచీ బండిని ఎవరూ ముట్టుకోలేదని ఆ ఫారంలో మీరే రాసిచ్చారు."

ఆ క్షణంలో అమ్మడికి తట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. ఆమెకి తట్టలేదు. ఆ సీట్లోంచి దిగి, ఆ గుమ్మం దాటి ఎలా బయటపడాలా అన్న ఆలోచన తప్ప ఆమె బుర్రలో ఇంకొకటి పట్టే చోటు లేదు. భయం అంత పని చేస్తుంది.

"ఇప్పుడు నేను చెప్పేది మీరిద్దరూ వినాలి" అన్నాడు సర్వేయరు. "శనివారం సాయంత్రం ఏడింటికి, రైలు గేటు దాటాక, సైకిలు మీద పోతున్న టైలరు ఒకాయన్ని పాత జీపు ఒకటి గుద్దేసి, ఆగకుండా వెళ్ళిపోయింది. కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది. కత్తెర పట్టే చెయ్యి. బండి నంబరు చూడలేదట, రంగు మాత్రం చెప్పాడు. ఈ రకం బండ్లు ఎవరెవరి దగ్గరున్నాయని పోలీసులు మా ఆఫీసుకి రాశారు. ఊళ్ళో మూడున్నాయి. ఒకదానికి ఇంజను దించి ఏడాదైంది. రెండోదాని రంగు ఎరుపు."

మూడోది ఎవరిదో చెప్పాల్సిన పని లేదు. అమ్మడు అందులోనే కూర్చుని ఉంది.

"ఆయన... ఆ టైలరు ఎలా ఉన్నాడు?" అంది ముందు. అది అడగాలనిపించినందుకు తర్వాత ఆమెకి కాస్త ఊరట కలిగింది.

"ప్రాణానికి భయం లేదు. మళ్ళీ మిషను తొక్కుతాడు గానీ, గుడ్డ కత్తిరించగలడో లేదో చెప్పలేమన్నారు." సర్వేయరు ఫైలు మూశాడు. "మేడమ్, మీ కాగితం నిజమైతే ఆ టైలరుని గుద్ది ఆపకుండా వచ్చేసింది మీరు. అబద్ధమైతే కంపెనీకి దొంగ క్లెయిము పెట్టింది మీరు. రెండింట్లో ఏది రాయమంటారు?"

"మీకేమనిపిస్తోందండీ?"

"మీరు నడపలేదనిపిస్తోంది. కానీ నాకు అనిపించింది రాసే గడి ఈ ఫారంలో లేదు." ఆయన ఒక తెల్ల కాగితం తీసి బానెట్ మీద పెట్టాడు. "నాలుగింటికి మళ్ళీ వస్తాను. ఎవరు నడిపారో దీని మీద రాసి ఉంచండి. మీరు రాయకపోతే పాత సంతకమే పోలీసులకి పోతుంది."

ఆయన వెళ్ళిపోయాడు. గుమ్మం ఖాళీ అయింది. అయినా అమ్మడికి బయటికి పోవాలనిపించలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈవిడ నుయ్యీ, గొయ్యీ రెండూ తన సంతకంతోనే తవ్వుకుంది. కేసు పడితే షాపు లైసెన్సు పోతుంది. ఇరవై ఏళ్ళుగా చీటీ లేకుండా ఒక్క మాత్ర ఇవ్వని చేత్తో ఒకే ఒక్క అబద్ధం రాసింది. తొలిసారి దొంగతనానికి వెళితే తెల్లారిపోయిందన్నట్టు, అదే దొరికిపోయింది. అంతకన్నా పెద్ద బాధ వేరే ఉంది. మనిషిని గుద్ది నాన్న ఆగలేదా? రోడ్డు మీద కుక్కపిల్ల కుంటుతుంటే బండి ఆపి కట్టు కట్టే మనిషి, సాటి మనిషి పడిపోతే చూసి కూడా వచ్చేశాడా?

నాన్న స్టూలు మీద నుంచి లేచాడు. గోడ పట్టుకుంటూ బండి దగ్గరికి వచ్చాడు.

"అమ్మడూ, ఆ కాగితం ఇలా ఇవ్వు. నేనే నడిపానని రాస్తాను."

"ఇప్పుడా నాన్నా? ఈ మాట శనివారమే అనుంటే సరిపోయేది కదా!" నాలుగు రోజులుగా అదిమిపెట్టిందంతా ఒక్కసారి పొంగింది. "ఎందుకు తీశావు బండి? కనపడదని తెలుసు కదా! తీశావు పో, ఆగి ఆ మనిషిని లేపి ఆస్పత్రికి తీసికెళ్ళొచ్చు కదా! నేను ఎంతకని కాసుకోను నాన్నా?"

ఆయన ఆమె మొహంలోకి వంగి, ఆ కొంచెం చూపుతోనే పట్టిపట్టి చూశాడు.

"నేను తీయడమేమిటే?"

"మరి రాస్తానంటున్నావుగా!"

"నీ బదులు రాస్తానంటున్నాను. కళ్ళు కనపడని ముసలాణ్ణి జైల్లో పెట్టి వాళ్ళు మాత్రం ఏం చేసుకుంటారు? నీకు షాపుంది, సంసారముంది."

"నా బదులా?"

"కాకపోతే? శనివారం నీ స్కూటరు లేదు. నేను పార్కు నుంచి వచ్చేసరికి గున్న వంకరగా నిలబడి ఉంది, తాళంచెవి దానికే వేలాడుతోంది. తీసి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నువ్వు మొహం వేలాడేసుకుని నడిచొచ్చావు. షాపుకి గున్నని తీసికెళ్ళి ఎక్కడో కొట్టేశావు, భయపడి ఓ చుట్టు తిరిగొచ్చావు అనుకున్నాను. ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటా అన్నావు. ఇంక నేనేం అడగను? తెల్లారి బాబాయ్‌తో నువ్వే చెప్పావు కదా, నేనే అని!"

అమ్మడు సీట్లోంచి దిగడం మరిచిపోయింది. నాలుగు రోజులు ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద భోంచేస్తూ, ఆయన్ని కాపాడుతున్నానని ఈమె, ఈమెని కాపాడుతున్నానని ఆయన. ఇద్దరూ నోరు కట్టుకుని కూర్చున్నారు. ఒక్కరు నోరు తెరిచి ఉంటే ఆ సంతకం పడేదే కాదు. నాన్న చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆయన మీద అనుమానపడ్డందుకు సిగ్గేసింది. ఆయన ఆగకుండా వచ్చేసిన మనిషి కాదని తెలిసినందుకు సంతోషమూ వేసింది. ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు.

నాన్న చెయ్యి ఆమె చేతిలోంచి జారి సీటు కిందికి వెళ్ళింది. తడుముతూ, సీటుని ముందుకీ వెనక్కీ జరిపే పిన్ను దగ్గర ఆగింది.

"ఈ పిన్ను నేను ఏనాడూ కదపలేదు" అన్నాడు నెమ్మదిగా. "నీకన్నా నాలుగంగుళాలు పొట్టి నేను. ముందుకి ఉంటేనే నాకు అందేది. ఇంత వెనక్కి..."

మాట పూర్తి చేయలేదు. అమ్మడూ పూర్తి చేయమనలేదు. తట్టాల్సిన ప్రశ్న ఇప్పుడు తట్టింది. దానికి జవాబు ఆరడుగుల పొడుగుంది. శనివారం స్కూల్లో మీటింగని చెప్పిన జవాబు. పాపం పెద్దాయన, ఏమీ అడగకు అని బుజ్జగించిన జవాబు.

ఛీ, అలా అనుకోకూడదు అనుకుంది. సీటు తుప్పు పట్టి తనే జారి ఉండొచ్చు. ఎవరైనా దొంగ వచ్చి తీసికెళ్ళి ఉండొచ్చు. దొంగ తీసికెళ్ళి, గుద్దేసి, బుద్ధిగా తెచ్చి షెడ్డులో పెట్టి పోయాడన్నమాట! తన ఆలోచన తనకే ఎగతాళిగా తోచింది.

ఫోను మోగింది. ఆయనే. ఎత్తింది. స్కూలు పిల్లల గోల వెనక నుంచి వినపడుతోంది.

"ఏమైంది? సర్వేయరు వెళ్ళాడా?"

"వెళ్ళాడు. నాలుగింటికి మళ్ళీ వస్తాడట."

"మళ్ళీ ఎందుకు?" ఆ గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మెత్తబడింది. "సరే, కంగారు పడకు. ముందు ఏం చెప్పావో దాని మీదే నిలబడు. స్తంభమన్నావు, స్తంభమే. మాట మార్చావో అందరం మునుగుతాం. సైకిలు గురించి వాళ్ళు ఎన్నిరకాలుగా అడిగినా నీకేం తెలియదు. వింటున్నావా?"

సర్వేయరు ఆ సైకిలు మాట చెప్పి వెళ్ళి పావుగంట కూడా కాలేదు. అప్పుడు షెడ్డులో ఉన్నది ముగ్గురే. అమ్మడు ఇంకెవరికీ ఫోను చేయలేదు. నాన్న మొహం ఇటు తిప్పి వింటున్నాడు. చూపు తగ్గాక ఆయనకి చెవులు పదునెక్కాయి.

అమ్మడు స్టీరింగుని గట్టిగా పట్టుకుంది.

"ఏ సైకిలండీ?" అంది.